టాప్ గేరు ఎరగని లారీ

1967లో ఎండలు ముదురుతున్న రోజులు. తార్నాక నుంచి యూనివర్సిటీ లోపలికి పోయే రోడ్డు పక్కన నాకు చిన్న రిపేరు షెడ్డు ఉండేది. రేకుల కప్పు, ముందు రెండు వేపచెట్లు, లారీ కిందికి దిగి పనిచేయడానికి తవ్వించుకున్న గొయ్యి. మా నాయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నేను పట్టాలు అక్కర్లేని బండ్ల వైపు వచ్చాను.

అప్పటి తార్నాకలో మనుషుల కన్నా బండరాళ్ళే ఎక్కువగా కనిపించేవి. రాళ్ళ మధ్య సీతాఫలం పొదలు, వాటి వెనక యూనివర్సిటీ రాతి భవనాలు. పొద్దున్నే వాటి మీద ఎండ పడితే రాయి లోపల దీపం పెట్టినట్టు గులాబీ రంగు తిరిగేది. బండ్లు అరుదు కాబట్టి కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నా, పోయేది ఎవరి బండో చప్పుడు విని చెప్పేవాణ్ణి. సగం నిద్రలో అలా వినడం నాకు ఇష్టంగా ఉండేది.

వాటిలో ఒక లారీ మాత్రం నా నిద్ర చెడగొట్టేది. యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పే విభాగానిది. లారీ మీద బోరు వేసే డ్రిల్లు, వెనక చక్రాల బండి మీద ఆ డ్రిల్లును నడిపే గాలి పట్టే కంప్రెసరు. ఆ బండిని మేము ట్రైలర్ అంటాం. తార్నాక ఎత్తు ఎక్కేటప్పుడు ఆ లారీ పెట్టే గోల, పళ్ళు బిగబట్టి ఏడుస్తున్న మనిషి గొంతులా ఉండేది.

ఒక ఉదయం అది మా షెడ్డు ముందే ఆగింది. డ్రైవరు యాదగిరి దిగాడు. పక్క సీట్లోంచి ఖాదీ చీర కట్టుకుని, కాళ్ళకు కాన్వాస్ బూట్లు వేసుకున్న ఒక ఆమె దిగింది. ఆ విభాగంలో లెక్చరరు కమలగారు. కాకినాడ వైపు మనిషి. రాళ్ళలో నీళ్ళు ఎక్కడున్నాయో చూసి చెప్పడం ఆమె పని. మూడేళ్ళుగా వానలు సరిగా లేక ఊళ్ళలో బావులు ఎండిపోయిన కాలం అది.

"నర్సింహగారూ, మా బండి డీజిలు మరీ ఎక్కువ తాగుతోందండి. ఎందుకో చూసి చెప్పగలరా?" అంది.

"పంపు చూపించిన, నాజిళ్ళు చూపించిన, అన్నీ మంచిగనే ఉన్నయంటున్నరు అన్నా. మరి తాగుడేమో తాగుతనే ఉన్నది," అన్నాడు యాదగిరి. అతని ముఖంలో అవమానం కనిపించింది. డీజిలు అమ్ముకుంటున్నాడని ఎవరో అన్నారట.

ఆమె సంగతంతా చెప్పింది. భువనగిరి దాటి గుట్టల్లోకి పోతే బండమీదిపల్లె అని ఒక ఊరు. చలికాలంలో తాను అక్కడ రాళ్ళన్నీ తిరిగి ఒకచోట గుర్తు పెట్టింది. ఊరివాళ్ళు ఆ గుర్తుకు పసుపూ కుంకుమా పెట్టారు. లారీ వెళ్ళింది, డ్రిల్లు దించారు. ఎనభై అడుగుల దగ్గర డీజిలు అయిపోయింది. లారీకీ కంప్రెసరుకూ కలిపి నెలకు ఇంత అని ఇచ్చే డీజిలు అది. దారిలో లారీ తాగినంతా డ్రిల్లుకు తక్కువ పడుతుంది.

"ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని చుట్టూ నిలబడ్డారండి. నేను వాళ్ళతో, మళ్ళీ వస్తాం అని చెప్పి వచ్చేశాను. సెలవులు మొదలైతే లారీని వేరే విభాగానికి ఇచ్చేస్తారు. ఆలోగా ఒక్కసారే వెళ్ళగలం. ఈ నెల మిగిలిన డీజిలు రానూపోనూ దారికే సరిపోతుంది," అంది. గొంతు మామూలుగానే ఉంది కానీ, చేతిలో ఉన్న రాతిముక్కను అరచేతిలో తిప్పుతూనే ఉంది.

నేను పానా పట్టుకోలేదు. ట్రైలరు తగిలించే ఉండనిచ్చి, యాదగిరి పక్కన కూర్చుని లాలాపేట్ వైపు ఒక చుట్టు తిరిగి వచ్చాను. ఎక్కినా దిగినా అతను మూడో గేరు దాటలేదు.

"టాప్ గేరు ఎందుకు వేస్తలేవు?"

"వేస్తే ఆగిపోతదన్నా. ఈ బండి టాప్ గేరు నేను ఎన్నడూ ఎరగ. ట్రైలర్ లేనప్పుడు వేస్తే మాత్రం గాలి తీర్గ పోతది."

ఆ మాటతో నాకు సగం అర్థమైంది. వెనక ఇరుసు కిందికి దూరి, చక్రం తిప్పి చూశాను. ఆ లారీ ఒకప్పుడు ప్రయాణికుల బస్సు. పైభాగం కోసేసి డ్రిల్లు బిగించారు. ఇరుసు మాత్రం బస్సుదే.

సంగతి తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు చెప్తాను. ఇంజను బలం ఒక పొడుగు షాఫ్టు మీదుగా వెనక ఇరుసుకు వస్తుంది. అక్కడ పినియన్ అనే చిన్న పళ్ళ చక్రం, క్రౌన్ అనే పెద్ద పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది. రోడ్డు మీది చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో అదే గేర్ రేషియో. ఈ బస్సుకు సుమారు ఐదు. చదును రోడ్డు మీద వేగంగా పోవడానికి అది బాగుంటుంది. బరువు లాగాలంటే ఏడు కావాలి. వేగం తగ్గుతుంది, లాగుడు పెరుగుతుంది. ఐదుతో టాప్ గేరులో లాగలేక ఆ లారీ ఎప్పుడూ మూడో గేరులో అరుస్తూ పోతోంది. డీజిలంతా ఆ అరుపుకే పోతోంది. ఏడు పెడితే టాప్ గేరులోనే, ఇంజను తక్కువ చుట్లు తిరిగి, నెమ్మదిగా లాగుతుంది.

కమలగారు చేతిలోని రాతిముక్కను పక్కన పెట్టింది. తర్వాత, "అంటే బండిలో తప్పేమీ లేదన్నమాట. పని మారింది, ఇరుసు మారలేదు," అంది.

"అంతే మేడం."

యాదగిరి మెడ మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

రాణిగంజ్ పాత సామాన్ల దుకాణాల్లో వెతికితే, అదే రకం టిప్పరు ఇరుసులోంచి తీసిన క్రౌన్, పినియన్ జత దొరికింది. ఈ రెంటినీ ఎప్పుడూ జతగానే కొనాలి. పుట్టినప్పటి నుంచి ఒకదానితో ఒకటి అరిగిన పళ్ళు, వేరేదానితో కలవవు. పాతది తీసి కొత్తది కూర్చోబెట్టడం ఓపిక పని. పళ్ళకు ఎర్ర సిందూరం నూనెలో కలిపి పూస్తాం. చేత్తో తిప్పితే, పన్ను పన్నుకు ఎక్కడ తగులుతోందో అక్కడ రంగు చెరిగి కనిపిస్తుంది. మచ్చ పన్ను మధ్యలో పడాలి. అంచున పడితే, షిమ్ములు అనే పల్చటి రేకులు వేసి, తీసి, మళ్ళీ పూసి, మళ్ళీ తిప్పాలి.

క్లాసు అయిపోగానే కమలగారు వచ్చి, గోతి అంచున రాయి మీద కూర్చుని చూసేది. వేపపూత రాలి నూనె డబ్బాల్లో పడుతుండేది. మధ్యాహ్నపు ఎండలో ఊరంతా కునుకు తీస్తున్నట్టుండేది. లాలాగూడ వైపు నుంచి ఇంజను కూత సన్నగా, నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు వినిపించేది. నేను గోతిలోంచే అడిగాను.

"మేడం, గింత గట్టి రాయిల నీళ్ళు ఎట్లుంటయి?"

"రాయిలో ఉండవండి. రాయి పగుళ్ళలో ఉంటాయి. మనం నిలబడ్డ ఈ నేల కింద కూడా ఎక్కడో చీకట్లో, చప్పుడు లేకుండా, సన్నగా నడుస్తూ ఉంటాయి. నేను చిన్నప్పుడు గోదావరి చూస్తూ పెరిగాను. ఇక్కడికొచ్చాకే నీళ్ళను ఊహించుకోవడం నేర్చుకున్నాను."

ఆ మాట తర్వాత చాలాసేపు నేను క్రౌన్ తిప్పుతూనే ఉన్నాను, మచ్చ చూడటం మరిచిపోయి.

అంతా బిగించాక ట్రైలరు తగిలించి హబ్సిగూడ, ఉప్పల్ మీదుగా బయలుదేరాం. ఉప్పల్ దాటాక యాదగిరి టాప్ గేరు వేసి, భయంగా నా వైపు చూశాడు. లారీ ఆగలేదు. అరవలేదు. తేనెపట్టు దగ్గర నిలబడితే వినిపించే చప్పుడు లాంటిది మొదలై, అలాగే నిలిచింది. ఎత్తు వచ్చినా మారలేదు.

"అన్నా, ఇది పాడుతున్నదే!" అన్నాడు యాదగిరి.

పోయిన దూరానికి మీటరు చూసి, తాగిన డీజిలు కొలిచి కమలగారు లెక్క కట్టింది. ఐదింట రెండు వంతులు ఆదా! ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. "నూట యాభై అడుగుల దాకా వెళ్ళొచ్చండి," అంది.

తిరిగి వస్తుంటే నాకు ఎక్కడో తేడాగా అనిపించింది. కిటికీలోంచి మైలురాళ్ళు చూస్తూ కూర్చున్నాను. మీటరు ఒక మైలు పూర్తయిందంటుంది, రాయి ఇంకా రాదు. మళ్ళీ మైలంటుంది, రాయి మరింత వెనకబడుతుంది. అప్పుడు తట్టింది. ఆ మీటరు తీగ గేరుబాక్సు వెనక నుంచి వస్తుంది. అది లెక్కపెట్టేది షాఫ్టు చుట్లను, రోడ్డు మీది చక్రాన్ని కాదు. ఐదు చుట్లకు ఒక చక్రం అనుకునే మీటరుకు, ఇప్పుడు ఏడు చుట్లు పడుతున్నాయని తెలియదు. ఐదు మైళ్ళు పోతే ఏడు మైళ్ళని చూపిస్తోంది.

లారీ ఆపించాను. "మేడం, మన ఆదాల ఎక్కువ మీటరు చెప్పిన అబద్ధమే. రాళ్ళతోని కొలుద్దాం."

మళ్ళీ వెనక్కి తిరిగి, మైలురాయి నుంచి మైలురాయికి పోతూ కొలిచాం. నిజమైన ఆదా ఆరింట ఒక వంతు. యాదగిరి స్టీరింగు మీద తల ఆనించాడు. కమలగారు కిందికి దిగి, రోడ్డు పక్కన గడ్డిలో కాసేపు ఒంటరిగా నిలబడింది. దూరంగా గుట్టలు, ఎండలో కరిగిపోతున్నట్టు నీలంగా ఉన్నాయి.

తిరిగి వచ్చి, "ఆరింట ఒక వంతు అంటే నూట పది అడుగులు. నా లెక్కలో పగులు నూటికీ నూట ఇరవైకీ మధ్య ఉండాలి," అంది. "ముందే తెలిసింది, మంచిదైంది. అక్కడికి వెళ్ళాక తెలిస్తే ఆ ఆడవాళ్ళ ముఖం మళ్ళీ ఎలా చూసేదాన్ని? వెళ్దామండి."

నేను కూడా వస్తానన్నాను. కొత్త పళ్ళు మొదటిసారి బరువు మోస్తున్నప్పుడు పక్కన ఉండాలి. అది పైకి చెప్పిన కారణం. ఆ ఊరు చూడాలనిపించింది, అది అసలు కారణం.

తెల్లవారుజామున బయలుదేరాం. ఆ ప్రయాణం ఇప్పటికీ నాకు కలలాగే గుర్తుంది. పెద్ద వేగం లేదు. సైకిలు మీద పోయే పాలవాళ్ళు కాసేపు మాతో పాటు వచ్చి, వెనకబడి, మళ్ళీ కలిసేవారు. భువనగిరి గుట్ట మసక వెలుతురులోంచి పెద్ద ఏనుగు లేచినట్టు లేచింది. యాదగిరి గేరు మీద చెయ్యి వేయకుండా, ఎత్తులన్నీ అదే పాటతో ఎక్కించాడు. కమలగారు తల కిటికీకి ఆనించి నిద్రపోయింది. ఆ లారీలో ఆమె నిద్రపోవడం అదే మొదటిసారి అని యాదగిరి మెల్లగా చెప్పాడు.

ఊళ్ళో పాత గుంత మీద బండరాయి కప్పి ఉంచారు. అది తీసి డ్రిల్లు దించాం. కంప్రెసరు మోత మొదలైంది. గుంతలోంచి తెల్లటి రాతిపిండి పొగలా లేచి చెట్ల మీదా, మనుషుల మీదా పడింది. పిల్లలూ ముసలివాళ్ళూ ఒకే రంగులోకి మారారు. నూరడుగులు దాటింది. నూట ఎనిమిది దగ్గర పిండి ఉండలు కట్టడం మొదలైంది. తడి! కానీ డబ్బాలో అప్పటికి మిగిలిన డీజిలు మేము ఇల్లు చేరడానికి సరిపోయేంతే.

కమలగారు చెయ్యి ఎత్తింది. కంప్రెసరు ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఒక ముసలామె అడిగింది, "బిడ్డా, మల్ల ఆపిన్రా?"

కమలగారు నా వైపు చూసింది. యాదగిరి ట్రైలరు కొక్కెం దగ్గరికి వెళ్ళి, దాని మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"మేడం, దీన్ని గీడనే ఇడిచిపెడితే? ఉత్త లారీ అయితే ఇంటికి తక్కువల పోతది. మిగిలింది దీంట్ల పోద్దాం. ట్రైలర్ కోసం నేను వచ్చే నెల మల్లొస్త."

"డిపార్టుమెంటు వాళ్ళు ఊరుకోరు యాదగిరీ. కంప్రెసరు వదిలేసి వచ్చామంటే నిన్నూ నన్నూ కూడా నిలదీస్తారు."

"నన్ను ఇదివరకే దొంగన్నరు గద మేడం. ఇంకేమంటరు?"

నేను తిరుగు దూరం మైలురాళ్ళతో లెక్క వేశాను. ట్రైలరు లేకుండా సరిపోతుంది. ఒక్క పావు డబ్బా కంప్రెసరుకు మిగులుతుంది. అంతకు మించి చుక్క కూడా వీల్లేదు. కమలగారు కళ్ళు మూసుకుంది. ఆ నేల కింద ఏం చూసిందో నాకు తెలియదు. కళ్ళు తెరిచి, "పొయ్యండి," అంది.

డ్రిల్లు మళ్ళీ దిగింది. నూట పది. నూట పన్నెండు. ఉన్నట్టుండి చప్పుడు మారింది. గట్టి రాయి మీద కొడుతున్న దెబ్బ, ఏదో ఖాళీలోకి జారినట్టయింది. గుంతలోంచి ముందు బూడిద రంగు బురద, తర్వాత మురికి నీళ్ళు, ఆ తర్వాత తేట నీళ్ళు మనిషి ఎత్తున లేచాయి. సాయంత్రపు ఎండ వాటిలోంచి వచ్చింది. అందరూ తల ఎత్తి చూస్తూ నిలబడిపోయారు. ముసలామె వచ్చి, తడిసిన చేతులతో యాదగిరి చెంపలు నిమిరింది. అతను చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు.

ట్రైలరును ఊరి చావిడి పక్కన పెట్టి మేము తిరిగి వచ్చాం. కమలగారిని సంజాయిషీ అడిగారు. ఆమె జరిగింది జరిగినట్టు రాసిచ్చింది. యాదగిరి మీద ఉన్న అనుమానం తప్పని కూడా అందులోనే రాసింది. లారీ వేరే విభాగానికి పోయినా డ్రైవరు అతనే కాబట్టి, పై నెల వెళ్ళి కంప్రెసరు తెచ్చాడు. ఊరివాళ్ళు దానికి గడ్డి కప్పి, ఎండ తగలకుండా చూసుకున్నారట.

తర్వాత ఎన్నో ఇరుసులు మార్చాను. గేరు ఎక్కడి నుంచో కొత్త బలం తెచ్చి ఇవ్వదు. వేగం తీసుకుని, లాగుడు ఇస్తుంది, అంతే. ఎవరికి ఏది కావాలో తెలుసుకోవడమే మా పనిలో సగం. బండి ఎక్కువ తాగుతోందని ఎవరైనా వస్తే, నేను ఇంజను మూత తీయను. వేపచెట్టు కింద వాళ్ళను కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, ముందు ఒకటే అడుగుతాను: "ఏం మోస్తున్నవు? ఏ తొవ్వల పోతున్నవు?"