చెంచాడు నీళ్లు

తొంభైల చివర్లో, ఇంగ్లండ్‌లో ఒక స్ట్రోక్ యూనిట్ చూసి రమ్మని బెంగళూరులోని మా ఆసుపత్రివాళ్లు నన్ను పంపారు. పక్షవాతం వచ్చినవాళ్లకంటూ విడిగా ఒక వార్డు ఉండటమే అప్పటికి నాకు వింత. కొత్త యంత్రాలూ కొత్త మందులూ చూసొస్తానని అందరికీ గొప్పగా చెప్పి, అరువు కోటు వేసుకుని విమానం ఎక్కాను.

చూసింది చెంచాని.

రోగి రాగానే నర్సు అతన్ని నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో నీళ్లిచ్చి, గొంతు మీద వేలు ఆనించి, మింగాడా, దగ్గాడా అని చూసేది. తేడా ఉంటే తలవైపు బోర్డు పెట్టేది: నోటితో ఏమీ ఇవ్వకూడదు. మెదడు సంగతి నేర్చుకుందామని అంత దూరం పోతే మింగుడు సంగతి చెబుతారేమిటని మొదట నాకు మింగుడు పడలేదు. తర్వాత మా వార్డు గుర్తొచ్చింది. మా రోగులు స్ట్రోక్‌తో వచ్చి న్యుమోనియాతో పోయేవాళ్లు. గొంతు పనిచేయని మనిషికి ఇంటివాళ్లు ప్రేమగా పోసిన కాఫీ, గంజి, కొబ్బరినీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగేవి. పోసేది వాళ్లు, చూస్తూ నిలబడేది మేము.

తిరిగొచ్చి అదే బోర్డు తెలుగు, కన్నడ, తమిళాల్లో రాయించి పెట్టాను. దొరల సీమకెళ్లి నీళ్లు పోయొద్దని నేర్చుకొచ్చాడని తోటి డాక్టర్లు నవ్వారు. నిజమే కనక నేనూ నవ్వాను.

ఆ బోర్డు కిందికి చిక్కపేట చీరల అంగడి పెద్దాయన వచ్చాడు. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. చెంచాడు నీళ్లకే ఉక్కిరిబిక్కిరయ్యాడు. ముక్కులోంచి గొట్టం వేశాం. ఆయన భార్య మంచం వదిలేది కాదు. నేనెప్పుడెళ్లినా ఒకటే అడిగేది.

"డాక్టరప్పా, ఈ పొద్దన్నా నోట్లో సొల్పం నీళ్లు పోయచ్చునా? పెదాలు ఎండిపోయి ఉండాయి చూడు."

"ఇంకా వద్దమ్మా. గొట్టంలో పోతున్నాయి కదా. ఇంగ్లండ్‌లోనూ ఇలాగే చేస్తారు."

"దప్పిక గొట్టానికా? ఆ దేశంలో పెండ్లాలు మొగుళ్లకి నీళ్లు కూడా ఇయ్యరా అప్పా?"

"ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పమ్మా."

"సరే పో. నువ్వు చెప్పేదాకా పొయ్యను."

పోయలేదు. చుట్టాలు తెచ్చిన తీర్థాన్ని కూడా వెనక్కి పంపింది. "డాక్టరప్ప సరే అన్న పొద్దు ఈయన గట్టెక్కినట్టే" అని వాళ్లకు చెప్పేది. వార్డులో నా మాట అంతగా విన్నది ఆమె ఒక్కతే.

ఇంతలో ఆయన మెదడు వాచింది. స్పృహ పోయింది, ఊపిరి తీరు మారింది. ఇక చేయగలిగింది లేదు. ఆ సంగతి చెప్పాల్సింది నేను. చెడ్డ కబురు ఎలా చెప్పాలో కూడా అక్కడ పాఠం చెప్పారు. అది ఇంగ్లీషులో ఉంది.

నేను నోరు తెరవకముందే ఆమె అడిగింది. "ఈ పొద్దన్నా పోయచ్చునా అప్పా?"

ఆ నీళ్లు ఆయనకు చేయగల చెడు ఇంకేమీ మిగల్లేదు. భార్య చేతి నీళ్లు నోట్లో పడకుండా ఆయన్ను పంపించే ధైర్యం నాకు లేదు.

"పోయండమ్మా" అన్నాను.

ఆమె ముఖం వెలిగింది. గ్లాసు అందుకుంటూ "అయితే బాగైనట్టే..." అని నా వైపు తిరిగింది. నా ముఖం చూసి మాట అక్కడే ఆపేసింది. కొంగుతో ఆయన పెదాలు తుడిచింది.

"పిల్లోళ్లని లోపలికి రమ్మను" అంది.

చెంచా నింపింది.

"దగ్గుతాడేమో అప్పా. తల సొల్పం ఎత్తి పట్టుకో."

పట్టుకున్నాను. ఆయన దగ్గలేదు. నీళ్లు పెదవి పక్కనుంచి జారి నా చేతి మీద పడ్డాయి.