గోడ మీదుగా వెళ్లిన రొయ్యలు

నా చిన్నప్పుడు చేసిన ఒక పని గురించి రాస్తున్నాను. మంచి పని కాదు. నాకు ముప్పై ఏళ్లు దాటాకే అక్షరాలు వచ్చాయి. ఇప్పుడు మనవలున్నదాన్ని. ఇన్నాళ్లూ ఇది కడుపులోనే ఉండిపోయింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. దివిసీమలో వరిచేలు రొయ్యల చెరువులవుతున్న రోజులు. మా పక్కింట్లో కోర్టు జడ్జి గారు అద్దెకుండేవారు. ఆయన ఊళ్లో పెళ్లిళ్లకు వెళ్లరు, ఎవరింటా కాఫీ తాగరు. ఎవరైనా పళ్లబుట్ట తెస్తే బంట్రోతు గుమ్మంలోంచే తిప్పి పంపేవాడు. మా అమ్మకూ జడ్జి గారి భార్యకూ మాత్రం గోడ మీదుగా గిన్నెల రాకపోకలుండేవి. మేం పులుసు పంపితే, గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని ఆవిడ పచ్చడో పాయసమో పెట్టి ఇచ్చేవారు.

ఆ దారి ఊరి నాయకుడి గుమాస్తా కనిపెట్టాడు. నాయకుడి రొయ్యల చెరువులోని ఉప్పునీరు ఇంకి, మా వీధి చివర ఉండే ముసలామె చేను పాడైపోయింది. ఆమెకున్నదల్లా ఆ అరెకరమే. ఆమె వేసిన కేసు జడ్జి గారి దగ్గరే, ఇంకో నెలలో తీర్పు. ఒకరోజు అమ్మ ఇంట్లో లేనప్పుడు గుమాస్తా వచ్చి, మా గిన్నె నిండా రొయ్యలు పోసి, "అమ్మ పంపిందని చెప్పవే బంగారం, రిబ్బను కొనిపెడతా" అన్నాడు. గిన్నె గోడ మీదుగా ఆవిడకు అందించి అలాగే చెప్పాను. వాళ్లు వండుకుని తిన్నారు.

మర్నాడు కోర్టు మెట్ల దగ్గర, నలుగురూ వింటుండగా, "రొయ్యలు బాగున్నాయాండీ? మా చెరువువే" అని గుమాస్తా ఆయన్ని అడిగాడట.

సాయంత్రం జడ్జి గారు గోడ దగ్గరికొచ్చి అడిగితే నిజం చెప్పేశాను. అమ్మ నా వీపు మీద నాలుగు వేసింది. ఆయనే ఆపారు.

"పిల్లను కొట్టకండమ్మా. నేను పరీక్ష రాసి ఈ కుర్చీలోకి వచ్చాను. నన్ను కదపాలన్నా హైకోర్టే కదపాలి, ఆ నాయకుడి వల్ల కాదు. కానీ ఇక ఈ కేసులో నేనేం చెప్పినా రొయ్యలే చెప్పాయంటారు."

కేసు తన దగ్గర వద్దని పైకి రాసేశారు. నాయకుడికి కావలసిందీ అదే. అది బందరు కోర్టుకు పోయి మళ్లీ మొదటికొచ్చింది. మా గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది. ఆ తర్వాత గోడ మీదుగా ఏదీ వెళ్లలేదు, రాలేదు.

ముసలామె వాయిదా వాయిదాకీ బస్సెక్కి బందరు తిరిగింది. ఒక మధ్యాహ్నం మా అరుగు మీద కూలబడి మంచినీళ్లడిగింది.

"ఆ జడ్జి గారు మంచోరంటగా, నా కేసు ఎందుకొదిలేశారే అమ్మాయ్? నా మొహం నచ్చలేదేమో" అంటూ నవ్వింది.

చెంబు చేతికిచ్చి లోపలికెళ్లిపోయాను. తీర్పు రాకముందే ఆమె పోయింది. చేను చెరువులో కలిసిపోయింది.

జడ్జీలను ఎవరు వెయ్యాలి, ఎవరు తియ్యాలి అని ఇప్పుడు టీవీలో పెద్దవాళ్లు వాదించుకుంటారు. తేలాల్సిన మాటే, వింటాను. కానీ ఆ జడ్జి గారిని ఆ కేసులోంచి తీసింది పెద్దవాళ్లెవరూ కాదు, నేను. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. ముసలామెకు సంగతే తెలియదు. ఇప్పటికీ ముసలివాళ్లెవరైనా మా ఇంటి ముందు ఆగితే, ఆమే మళ్లీ అడగడానికి వచ్చిందేమోనని తొంగి చూస్తాను.