నట్టు దులిపిన మరచెయ్యి

దెయ్యాల మాటెత్తితే నేను ముందు ఫ్యూజు చూస్తా. ఇంజనీరింగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, యంత్రాలే తప్ప మంత్రాలు తెలియవు. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

రెండువేల ఐదారు ప్రాంతం. నందిగామ దగ్గర మా కాలేజీలో పాత వైపర్ మోటార్లతో ఒక చెయ్యి తయారుచేశా. మరచెయ్యి అన్నానే గానీ, అది ఏదీ మరవదు. దాని మణికట్టు పట్టుకుని బోల్టుకి నట్టు బిగించి చూపిస్తే, కంప్యూటర్ ఆ కదలికలు దాచుకునేది. తర్వాత తనే చిన్న చిన్న మార్పులతో ప్రయత్నించేది. నట్టు ఎక్కితే మార్కులు. పడేస్తే కోత, ఆలస్యమైనా కోత.

ముందు నేనే నేర్పా. వారం తిరిగేసరికి అచ్చం నాలాగే నట్టు పడేయడం నేర్చుకుంది. చేతకానివాడి చేత నేర్పిస్తే అంతే.

ఈలోగా ప్రిన్సిపాల్ గారు, ఇన్‌స్పెక్షన్ వాళ్ల ముందు ఆ చెయ్యి పావుగంటలో పది నట్లు బిగించకపోతే, దాన్ని పెట్టుకున్న గది స్టోరుకి ఇచ్చేస్తానన్నారు.

జగ్గయ్యపేటలో మోటార్లు బిగించే మస్తాన్ గారిని బతిమాలి తెచ్చా. చిన్నప్పుడు వాళ్ల నాన్న కరీం గారు తన మణికట్టు ఇలాగే పట్టుకుని పని నేర్పారట. ఆ పెద్దాయన పోయి అప్పటికే ఏడేళ్లు. మస్తాన్ గారు నలభైసార్లు చూపించారు. తర్వాత రెండు రోజులు చేతిని దాని మానాన వదిలేశాం.

మూడోరోజు మధ్యాహ్నం ఇద్దరం చూస్తుండగా అది నట్టు తీసుకుంది, బల్లకేసి రెండుసార్లు తట్టింది, అప్పుడు బిగించింది. పదికి పది. ప్రతిసారీ ఆ రెండు తట్లూ.

మస్తాన్ గారు స్టూలు బల్ల దగ్గరికి లాక్కున్నారు. "మా నాన్న దుమ్ము అలాగే దులిపేవాడండి. నేనెప్పుడూ చెయ్యలా. షాపులో గాలి పంపు ఉందిగా."

నలభై రికార్డులూ వరసగా చూశా. ఒక్కదాంట్లోనూ తట్టడం లేదు. మా నట్లు కొత్తవి, దుమ్మూ లేదు. ఆలస్యానికి కోత రెట్టింపు చేశా. మానలా. టైము చాలదేమోనని, ఆ కదలికే తీసేస్తానన్నా.

"ఉండనీండి సార్," అన్నారాయన మెల్లిగా.

ఉంచేశా. ఇన్‌స్పెక్షన్ రోజు పదో నట్టు బిగిసేసరికి కొద్ది సెకన్లే మిగిలాయి. గది మాకే మిగిలింది. వచ్చినవాళ్లలో ఒకాయన ఆ తట్టడం ఎందుకని అడిగారు. నేను నోరు తెరిచేలోపే మస్తాన్ గారు చొక్కా సర్దుకుని, "అది మా ఇంటి పద్ధతండి," అన్నారు.

రిపోర్టులో 'నేర్పినవారు' అన్నచోట నా పేరుండేది. కొట్టేసి, కరీం గారు, ఆయన కొడుకు మస్తాన్ గారు అని రాశా. సొంత పేరు కొట్టేసుకుని అంత గర్వపడింది నా సర్వీసులో అదొక్కసారే. అందులో కరీం గారి పేరు ఎలా నిజమైందో మాత్రం ఈనాటికీ చెప్పలేను. తప్పనీ అనలేను.