అక్దస్ ఖానమ్ అనుమతి లేనిదే

మా అక్దస్ ఖానమ్, అంటే అక్దస్ అమ్మగారి, పార్లర్‌లో ఆవిడ అనుమతి లేకుండా ఎవరూ తుమ్మకూడదు. మాటవరసకి అనడం లేదు. చేరిన కొత్తలో ఒకసారి నేను తుమ్మితే, ఆవిడ పక్క కుర్చీలో ఎవరికో జుట్టుకి రంగు వేస్తున్నదల్లా తల తిప్పి, "ఎవరు చెప్పారే ఇప్పుడు తుమ్మమని?" అంది. నేను "తప్పయింది ఖానమ్" అని, రావలసిన రెండో తుమ్ముని లోపలే మింగేశాను.

టొరంటోలో మా ఇరానీ వాళ్ళ పార్లర్లన్నీ యంగ్ స్ట్రీట్ పొడవునా ఉంటాయి. చాలా చోట్ల అమ్మాయిలు కుర్చీ అద్దెకు తీసుకుంటారు. ఎవరి కత్తెర వాళ్ళు తెచ్చుకుని, ఎవరి బేరం వాళ్ళు మాట్లాడుకుని, మహారాణుల్లా బతుకుతారు. మా దగ్గర మాత్రం కత్తెర ఆవిడది, దువ్వెన ఆవిడది, ఆఖరికి నా జుట్టు ముడికి పెట్టుకునే క్లిప్పు కూడా ఆవిడదే. పొద్దున రాగానే చేతులు చాపి గోళ్ళు చూపించాలి. నాకు ముప్పై ఏళ్ళు. టెహ్రాన్‌లో మా బళ్ళోనే మూడో తరగతి తర్వాత గోళ్ళు చూడటం మానేశారు.

"మోజ్గాన్! ఎవరినడిగి పోసుకున్నావే ఆ టీ?"

"దాహం వేసింది ఖానమ్."

"నన్నడక్కుండా నీకు దాహమెలా వేస్తుందే?"

ఇలా కసిరి, ఆ కప్పు లాక్కుని, తనే వేడిగా ఇంకో కప్పు పోసి, పక్కన రెండు ఖర్జూరాలు పెట్టి, "ఇప్పుడు తాగు" అనేది. అదే టీ. అయినా తను చెప్పాక తాగాలి.

ఒకసారి జ్వరమొచ్చి రాలేనని ఫోన్ చేశాను. "జ్వరమా? నేను సెలవివ్వలేదే!" అని టక్కున పెట్టేసింది. గంట తిరక్కుండా మా తలుపు దబదబా కొట్టింది. చేతిలో గిన్నెడు ఆష్, అంటే ఆకుకూరలు, చిక్కుళ్ళు వేసి చిక్కగా కాచిన జావ. అది నాచేత తాగించి, నుదుటి మీద చెయ్యేసి చూసి, "ఇప్పుడిచ్చాను సెలవు. పడుకో" అని వెళ్ళిపోయింది. జ్వరం తగ్గిందంటే, అది నాకొచ్చిన నవ్వు వల్లే.

రోడ్డుకి ఎదురుగా బెహ్రూజ్ పార్లర్ ఉంది. వాడొట్టి మాటల మూట. నేను కనపడితే చాలు, గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు.

"మోజ్గాన్ జాన్, చేతిలో ఇంత కళ పెట్టుకుని ఆ జైల్లో ఏం చేస్తున్నావమ్మా? నా దగ్గర కుర్చీ తీసుకో. నీకు నువ్వే యజమానివి."

"పీఆర్‌కి ఇబ్బందేం రాదుగా?"

"ఎందుకొస్తుంది? పని పనేగా! పన్ను కడితే సరి."

పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కు, నాకు ఊపిరి. చదువు అయ్యాక పని చేసుకొమ్మని ఈ దేశం అనుమతి ఒక్కసారే ఇస్తుంది, మళ్ళీ ఇవ్వదు. అది ముగిసేలోగా ఇక్కడ ఏడాది పని చేసినట్టు చూపించి, శాశ్వతంగా ఉండనిమ్మని దరఖాస్తు పెట్టుకోవాలి. లేదంటే పెట్టె సర్దుకోవాల్సిందే. వెనక్కి వెళ్ళకూడదని నేను విమానంలోనే ఒట్టు పెట్టుకున్నాను. అందుకోసం ఏమైనా చేస్తాను, కానీ గోళ్ళు చూపించకుండా కూడా చేయవచ్చు కదా అనిపించింది.

ధైర్యం కూడగట్టుకుని ఓ రోజు ఆవిడ ముందు నిలబడ్డాను. "ఖానమ్, నేను మానేస్తున్నాను. ఎదురుగా కుర్చీ అద్దెకు తీసుకుంటాను."

ఆవిడ తల కూడా ఎత్తలేదు. "కుదరదు."

"కుదరకపోవడమేంటి ఖానమ్?"

"సెలవు పెట్టడానికే నా అనుమతి కావాలా? కావాలి. మరి మానేయడానికి అక్కర్లేదా? ఇవ్వను. వెళ్ళి ఆ నేల తుడు."

నేను వెళ్ళి నేల తుడిచాను. ఎందుకు తుడిచానో ఇప్పటికీ చెప్పలేను. ఆవిడ గొంతులో ఏదో ఉంది, చీపురు దానంతటదే చేతిలోకి వచ్చింది. అలా ఏడాది గడిచింది, దరఖాస్తు పెట్టాను, ఎదురుచూపులు మొదలయ్యాయి.

మా కొత్త సంవత్సరం పండగ నౌరూజ్‌కి ముందు వారం, ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఒకేసారి జుట్టు గుర్తొచ్చే వారం, పార్లర్ కిటకిటలాడుతుండగా ఫోన్ మోగింది. ఆవిడ చేతినిండా రంగు. మోచేత్తో స్పీకర్ నొక్కింది. ఎవరో అబ్బాయి, మెత్తటి గొంతు. నా దరఖాస్తు చూస్తున్న ఆఫీసరు. నా చేతిలో పని ఆగిపోయింది.

"మేడమ్, మీ వృత్తిలో చాలామంది కుర్చీ అద్దెకు తీసుకుని సొంతంగా చేసుకుంటారు. ఈ దరఖాస్తుకి సొంత పని లెక్కలోకి రాదు. ఈమె మీ దగ్గర ఉద్యోగమేనా?"

సొంత పని లెక్కలోకి రాదు! నేను నోరు తెరుచుకుని కిటికీ అద్దంలోంచి రోడ్డుకి ఎదురుగా ఉన్న పార్లర్ వంక చూశాను. బెహ్రూజ్ గుమ్మంలో నిలబడి నాకు చెయ్యూపుతున్నాడు.

"అద్దెకా? నా కుర్చీలా?" అంది అక్దస్ ఖానమ్. ఎవరో ఆవిడ ముక్కు అద్దెకడిగినట్టు మండిపడింది.

"పని వేళలు ఎవరు నిర్ణయిస్తారు?"

"నేను. ఏయ్ మోజ్గాన్, ఎవరు ఆపమన్నారే? ఆవిడ తల నీళ్ళోడుతోంది, తువ్వాలు చుట్టు!"

"పనిముట్లు ఎవరివి?"

"అన్నీ నావే. తను తెచ్చుకున్నవి రెండు చేతులు. వాటి గోళ్ళు కూడా నేనే చూస్తాను."

"తను రాలేని రోజున తన బదులు వేరేవాళ్ళని పంపవచ్చా?"

"పంపమనండి చూద్దాం!"

"పని చెడిపోతే నష్టం ఎవరిది?"

"నాదే నాయనా! మొన్న ఒకావిడ గోధుమరంగు వెయ్యమంటే ఈ పిల్ల నారింజరంగు తెప్పించింది. డబ్బు వెనక్కిచ్చి మళ్ళీ నేనే సరిచేశాను. ఆవిడ ఇక్కడే ఉంది. చెప్పండి ఖానమ్, ఆఫీసరుగారికి వినపడేలా చెప్పండి!"

"అచ్చం నారింజకాయేనండీ!" అని ఆ కుర్చీలోంచి కేక వచ్చింది.

"చాలు మేడమ్, నాకు అర్థమైంది."

"చాలని మీరెలా అంటారు? నేను చెప్పడం అవందే! ఈ పిల్ల ఫైలు ఎన్నాళ్ళు పెట్టుకుంటారు? ఇంతకీ భోజనం చేశారా?"

"ఇంకా లేదండి."

"చేసి రండి. ఖాళీ కడుపుతో ఫైళ్ళు చూడకూడదు. తిన్న వెంటనే ఈ పిల్లది చూడండి."

"అలాగే మేడమ్" అని వినిపించింది. ఆ గొంతు నాకు బాగా తెలుసు. పార్లర్‌లో మేమంతా అలాగే అంటాం.

పండగ రాకముందే పీఆర్ వచ్చింది. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టక, పొద్దున లేవలేక, పార్లర్‌కి చాలా ఆలస్యంగా వెళ్ళాను. గుమ్మంలోనే తిట్లకి సిద్ధపడి నిలబడ్డాను. ఏమీ రాలేదు.

"ఖానమ్, ఆలస్యంగా వచ్చాను."

"చూశాను."

"గోళ్ళు చూడరా?"

"నీ గోళ్ళు నీ ఇష్టం."

కావాలని ఆవిడ కళ్ళెదుటే టీ పోసుకుని తాగాను. పలకలేదు. నాకు ఏడుపొచ్చింది. "నేనేం తప్పు చేశానని తిట్టడం మానేశారు?" అని నిలదీశాను.

"నీకింకెందుకే తిట్లు? గొంతు అరగదూ?" అని దగ్గర కూర్చోబెట్టుకుంది. "నేనొచ్చిన కొత్తలో కుర్చీ అద్దెకు తీసుకున్నాను. నాకు నేనే యజమానిని. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు టీ. తీరా దరఖాస్తు పెడితే, ఎవరి కిందా చెయ్యలేదు కనక చేసిందేదీ లెక్కలోకి రాదన్నారు. అక్కడ మా ఆయన, పిల్ల ఎదురుచూస్తుంటే, ఇంకొకరి కింద మళ్ళీ మొదట్నుంచి చేశాను. అప్పుడే పట్టుబట్టాను, నా గడపలోకొచ్చిన ఏ పిల్లా పీఆర్ వచ్చేదాకా ఒక్క క్షణం కూడా యజమాని లేకుండా ఉండకూడదని."

"ఆ మాట నేను మానేస్తానన్నప్పుడే చెప్పొచ్చుగా!"

"చెబితే తలూపేదానివి. తలూపితే ఆఫీసరుకి ఫోన్లో వినపడుతుందా? భయపడితే వినపడుతుంది."

"మరి తుమ్ములు?"

ఆవిడ కాస్త ఆలోచించింది. "అది మాత్రం నా సరదా" అంది.

ఆవిడంటే నాకెంత ప్రేమో ఆ రోజే తెలిసింది. నేనింక ఎక్కడికీ వెళ్ళలేదు. పై వారం హెంగామే అని షిరాజ్ నుంచి వచ్చిన కొత్త పిల్ల చేరింది. పండగ రద్దీలో అరిచి అరిచి ఖానమ్ గొంతు పూర్తిగా పోయింది, డాక్టరు మాట్లాడొద్దన్నాడు. తిట్టేవాళ్ళు లేక ఆ పిల్ల కాలు మీద కాలేసుకుని, "ఎదురుగా కుర్చీలు అద్దెకిస్తారటగా అక్కా? మనకి మనమే యజమానులమట" అంది.

నా నోట్లోంచి అదెలా వచ్చిందో తెలీదు. "ఎవరినడిగి కూర్చున్నావే? లే! చేతులేవీ, చూపించు!"

ఆ పిల్ల బిత్తరపోయి లేచి చేతులు చాపింది. వెనకనుంచి అక్దస్ ఖానమ్ ఉన్న కాస్త గొంతూ కూడదీసుకుని నా చెవిలో అంది.

"ఇంకా గట్టిగా. అంత మెత్తగా అంటే ఆఫీసరు నమ్మడు."