లైను ఎంత పొడుగో, చదువు అంత గొప్ప

ఈ కథలో మా చెల్లెలి చదువు ఒక ఏడాది గంగలో కలుస్తుంది. కలిపింది నేనే. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను తిట్టుకోకండి. ఆ పనికి మా ఇంట్లోనే సరిపడా జనం ఉన్నారు.

తొంభైల చివరి సంగతి. మేం సైదాబాద్‌లో ఉండేవాళ్లం. నాన్న బాపట్ల నుంచి సర్కారు గుమాస్తాగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను బీకాం ఎలాగో గట్టెక్కి ఒక ఆఫీసులో టైపు కొడుతుండేవాణ్ణి. మా గల్లీలో డిగ్రీ ఉన్న కుర్రాణ్ణి నేనొక్కణ్ణే. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు కదా, మా గల్లీవాళ్లు ఆ చెట్టుకు రోజూ నీళ్లు పోసి మరీ పెంచారు. ఎవరి పిల్లను ఏ కాలేజీలో వెయ్యాలన్నా నన్నే అడిగేవారు. అడగనివాళ్లకు నేనే వెళ్లి చెప్పేవాణ్ణి.

మా చెల్లెలు సరళ ఎంట్రన్స్ రాసి, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌లో పాత యూనివర్సిటీ సీటు తెచ్చుకుంది. వారంలోగా వచ్చి చేరమని ఉత్తరం కూడా వచ్చింది. బుద్ధున్నవాడైతే గల్లీలో మిఠాయి పంచి ఊరుకునేవాడు. నేను "ఆగు" అన్నాను.

"ఎందుకు?" అంది సరళ.

"ఊరవతల కొత్త ప్రైవేటు యూనివర్సిటీ వెలిసింది. అడిగితే అక్కడా సీటిస్తారు. రెండింట్లో ఏది గొప్పదో తేల్చకుండా చేరిపోవడమేనా?"

సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించాలని నాన్నా, సరళా, నేనూ సంతోష్‌నగర్‌లో యాదగిరన్న షాపుకు వెళ్లాం. అక్కడే పంచాయితీ మొదలైంది.

"పాతది రాతి కట్టడంరా!" అన్నారు నాన్న. "గోడలు ఎంత మందమో చూశావా? కిటికీకో పావురం. పావురాలు ఊరికే చేరతాయిట్రా?"

"గట్ల గాదు సారూ," అన్నాడు యాదగిరన్న, మిషను మూత వేస్తూ. "ఫారం జూడాలె. పాతదాని ఫారం నాలుగు పేజీలే. కొత్తదానిది ఇరవై నాలుగు, గది గూడ రంగులల్ల! ఎక్కువ జిరాక్సులు గావాల్నంటే పెద్ద యూనివర్సిటీ అన్నట్టు."

"పాఠం ఎవరు చెబుతారో, లైబ్రరీ ఎన్నింటిదాకా తీసి ఉంచుతారో చూడాలి కదా?" అంది సరళ.

ముగ్గురం ఆ పిల్లను జాలిగా చూశాం. యాదగిరన్న అయితే నవ్వాపుకోలేక దగ్గాడు కూడా.

అప్పుడు నేను నోరు విప్పాను. "హలీం ఏ హోటల్లో బాగుంటుందో ఎలా తెలుస్తుందన్నా?"

"లైన్ జూసి. లైన్ ఎంత పొడుగుంటే హలీం గంత జబర్దస్త్."

"మరి చదువుకైనా అంతే కదా!"

మాది గుడ్డు కూడా ముట్టని ఇల్లు. హలీం పేరు వినగానే నాన్న నా వంక అనుమానంగా చూశారు. నేను చూపు తిప్పేసుకున్నాను.

యాదగిరన్నకు ఈ సిద్ధాంతం మస్తు నచ్చింది. పైగా తన అనుభవం ఒకటి జోడించాడు. "ఒక్కటి యాదికుంచుకో తమ్మీ. లైన్ల ఉన్నోళ్ల మాట అస్సలు నమ్మకు. పోయిన రంజాన్ల నేను హలీంకు పోయిన. లైన్ల ఒకాయన 'ఖతం హోగయా భాయ్' అన్నడు. నిజమే గావచ్చు అనుకొని ఇంటికొచ్చిన. తెల్లారి తెల్సింది, ఇంకో గంట సేపు పెట్టిండ్రంట! పోటీ తగ్గాల్నని జెప్పిండు బద్మాష్."

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి పరిశోధనకు బయల్దేరాను. పాత యూనివర్సిటీకి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. అడ్మిషన్ల కిటికీ దగ్గర నరమానవుడు లేడు. ఒక కుక్క పడుకుని ఉంది. అది లంచ్ టైమని ఆ కుక్కకు కూడా తెలుసు, నాకే తెలియలేదు. "పాపం, ఎవరూ రావడం లేదు" అని నోట్‌బుక్‌లో సున్నా వేసుకున్నాను.

రెండు బస్సులు మారి కొత్తదానికి వెళ్లాను. అబ్బబ్బ, ఏం లైనండీ! కిటికీ దగ్గర మొదలై, ఫౌంటెన్ చుట్టూ తిరిగి, గేటు దాటి రోడ్డు మీదికొచ్చింది. నూట పద్దెనిమిది మంది. తల్లిదండ్రులు చెమటలు కక్కుతున్నారు. ఒక పెద్దాయన వాచ్‌మన్ కాలర్ పట్టుకున్నాడు. ఒకావిడ కళ్లొత్తుకుంటోంది. సీటు కోసం ఇంత తపనా అని నాకే కళ్లు చెమర్చాయి.

లైన్లో ఒక కుర్రాడు నా నోట్‌బుక్ చూసి పిలిచాడు. "అన్నా, మీవాళ్లను చేర్పిద్దామనొచ్చినవా? వద్దే అన్నా, ఆగమైతరు."

నేను యాదగిరన్నను తలచుకుని లోలోపల నవ్వుకున్నాను. నా దగ్గరా నీ వేషాలు? నూట పద్దెనిమిదిని రెండుసార్లు లెక్కపెట్టి మరీ రాసుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే సరళ ఒకే ఒక ప్రశ్న వేసింది. "ఆ లైను ఎందుకో అడిగావా అన్నయ్యా?"

"హలీం లైన్లో ఉన్నవాణ్ణి ఎందుకు నిలబడ్డావని ఎవరైనా అడుగుతారటే?"

నాన్న పావురాల గురించి కాస్త గొణిగారు కానీ, నూట పద్దెనిమిది ముందు పావురాలేం నిలుస్తాయి? సరళ రెండు రోజులు ఏడ్చి, కొత్తదాంట్లో చేరింది. పాత యూనివర్సిటీ సీటు ఇంకెవరికో వెళ్లిపోయింది.

నేను అంతటితో ఆగానా? "గొప్ప యూనివర్సిటీని గుర్తించు విధానము" అని ఒక పేజీ టైపు చేశాను. మొదటి సూత్రం: లైను పొడుగే గొప్పతనానికి కొలత. రెండవది: ఏడ్చే తల్లిదండ్రులను ఒక్కొక్కరిని ఇద్దరుగా లెక్కించవలెను. మూడవది: లైనులోని వారి మాట నమ్మరాదు. యాదగిరన్న దాన్ని కాపీలు తీసి షాపుకొచ్చిన ప్రతివాడి చేతిలో పెట్టాడు. ఫలక్‌నుమా దాకా పాకింది.

సరళ క్లాసులు మొదలై నెలయింది.

"పాఠాలెలా ఉన్నాయే?"

"చెప్పేవాళ్లు వస్తే చెబుతా."

రెండో నెల: "లైబ్రరీ?"

"తాళం బాగుంది."

మూడో నెలలో సరళ ఒక ఆదివారం నాన్న ముందు కూర్చుని, "నేను మానేస్తా నాన్నా. వచ్చే ఏడు మళ్లీ ఎంట్రన్స్ రాస్తా" అంది. నాన్న కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

మానేయాలంటే సర్టిఫికెట్లు వెనక్కి తీసుకోవాలి. ఇద్దరం వెళ్లాం. కిటికీ, ఫౌంటెన్, గేటు, రోడ్డు. అదే లైను! సర్టిఫికెట్లు వాపసు తీసుకునే లైను. మొదటి రోజు నేను మురిసిపోయి లెక్కపెట్టింది దీన్నే. అందరూ చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు, నేను ఆ ఆకుల కోసం కూడా లైన్లో నిలబడ్డాను.

గంట గడిచింది. రోడ్డు మీద ఒక స్కూటరాగింది. యాభై ఏళ్లాయన దిగి, చేతిలో కాగితం పట్టుకుని, వేలితో మమ్మల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆ కాగితం ఎక్కడున్నా గుర్తుపడతాను. నా ఆఫీసు మిషన్లో 'వ' అక్షరం కొంచెం కిందికి జారుతుంది.

"సారూ, చేరకండి! ఇది వాపసు లైను!" అని అరిచాను.

ఆయన గడుసుగా నవ్వాడు. "గిట్ల జెప్తరని గీ కాగితంల ముందే రాసిండ్రు. మూడో నంబరు సూడు."

"అయ్యా, ఆ కాగితం రాసింది నేనే!"

ఆయన మొహం వెలిగిపోయింది. "మీరేనా సారూ! రాసినాయినే లైన్ల నిలవడ్డడంటే ఇగ ఫికర్ ఏంది!" అంటూ వచ్చి నా వెనకే నిలబడ్డాడు.

సరళ నా చెవి దగ్గరికొచ్చి, "అన్నయ్యా, ఆయన్ని కూడా కలుపుకో, లెక్క తప్పుతుంది" అంది.

ఇంతలో వాచ్‌మన్ వచ్చాడు. "ఏంది లొల్లి? కొత్త అడ్మిషనైతే గీడ గాదు పెద్దాయనా, గా పక్క కిటికీకి పో. ఖాళీగనే ఉన్నది, ఒక్కడు లేడు."

ఆయన ఆ కిటికీ వంక చూశాడు. కాగితంలో మొదటి సూత్రం చూశాడు. "ఒక్కడు గూడ లేడా?" అన్నాడు నీరసంగా. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, స్కూటర్ తన్ని వెళ్లిపోయాడు. నా విధానం ఈ భూమ్మీద కాపాడింది ఆయనొక్కణ్ణే.

సరళ మరుసటి ఏడు మళ్లీ రాసి, పాత యూనివర్సిటీలోనే చేరింది. ఇప్పుడు అక్కడే పాఠం చెబుతోంది. నేను వస్తానంటే మాత్రం, "లంచ్ టైమ్‌లో రాకు" అంటుంది.

కాబట్టి పాఠక మహాశయులారా, చార్మినార్ నాలుగు మినార్ల సాక్షిగా, యాదగిరన్న జిరాక్స్ మిషన్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ లైన్లు చూసి దేన్నీ గొప్పదనను. రంజాన్ నెలలో హలీంకు వెళ్లినా సరే, చివర్లో నిలబడ్డవాడి భుజం తట్టి ముందుగా అడుగుతున్నాను: "భాయ్, ఇది తీసుకునే లైనా, వాపసిచ్చే లైనా?"