వదలలేకపోయిన ఒక్క లెక్క

మొన్న ఆదివారం మా మనవరాలు నీట్ కోసం ఇంట్లోనే మాదిరి పరీక్ష రాసుకుంటుంటే, పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నేను, ఆ పిల్ల ఒక లెక్క దగ్గర కాస్త ఆగి, పెదవి విరిచి, దాన్ని అక్కడే వదిలేసి పేజీ తిప్పడం చూసి ఉండబట్టలేక, అదేమిటే సగంలో వదిలేశావని అడిగాను. "రాని దాన్ని పట్టుకొని కూసుంటే వచ్చేటివి గూడ పోతయ్ అమ్మమ్మా" అంది తలెత్తకుండానే. పదిహేడేళ్ళ పిల్ల అంత తేలికగా అనేసిన ఆ మాట ఆ వయసులో నాకు ఒక్కరైనా చెప్పి ఉంటే ఎలా ఉండేదో అనుకుంటూ ఆ పూట సరిగా అన్నం కూడా తినలేకపోయాను.

మాది సిరిసిల్లలో మరమగ్గాల మీద బతికే ఇల్లు. మా దగ్గర వాటిని సాంచలంటారు. బాపు షెడ్డులో సాంచలు నడిపేవాడు, మేం అవ్వ అని పిలిచే అమ్మా, అక్కా, నేనూ ఇంట్లో వాటికి నూలు కండెలు చుట్టేవాళ్ళం. బాపు బడి మొహం చూడలేదు గానీ ఆయనకూ ఒక శాస్త్రం ఉండేది. "పోగు తెగినంక సాంచ నడుపుతె బట్టంత కరాబైతది బిడ్డా. ఆపాలె, అతుకాలె, గప్పుడు నడుపాలె" అనేవాడు. కంచంలో మెతుకు మిగిల్చినా అదే మాట, ఎక్కం మధ్యలో తడబడినా అదే మాట. అలా అది నాకు ఒంట పట్టిపోయింది.

నేను ఇంటర్లో బైపీసీ తీసుకున్ననాడు అక్క నా వంతు కండెలు కూడా తానే చుడతానంది. నిజం చెప్పాలంటే చదువులో నాకన్నా అదే చురుకు, అయినా పదో తరగతిలోనే ఆగిపోయింది. ఇంట్లో అందరం కలిసి అనుకున్నదేమంటే, మెడిసిన్ ఎంట్రన్స్ ఒక్కసారే రాయాలి. సీటొస్తే డాక్టరు చదువు, రాకపోతే ఇంకో ఏడాది కోచింగంటూ కూర్చోబెట్టే స్తోమత మాకు లేదు.

పరీక్షనాడు తొలి బస్సుకే అక్కా నేనూ కరీంనగర్ చేరాం. అక్క మే ఎండలో కాలేజీ గోడ పక్కన అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, నేను లోపలికి వెళ్ళాను. మూడు గంటలు, రెండు వందల ప్రశ్నలు. మొక్కలూ జంతువులూ నల్లేరు మీద బండిలా సాగిపోయాయి. తర్వాత భౌతికశాస్త్రం చివర్లో, ఏటవాలు బల్ల మీద ఒక దిమ్మ, కప్పీ మీదుగా తాడుకు వేలాడే ఇంకో దిమ్మ. చేశాను. వచ్చిన జవాబు ఇచ్చిన నాలుగింటిలో లేదు. మళ్ళీ చేశాను. తప్పు రాసినా మార్కులు కోసే పరీక్ష కాదది, ఏదో ఒక వృత్తం నింపి ముందుకు పోవచ్చు. కానీ తెగిన పోగు కళ్ళెదుట కనబడుతుంటే నా చేయి కదల్లేదు. నాకు రాని లెక్క ఉంటుందా అన్న పొగరు కూడా లేకపోలేదు. మధ్యలో గంటలు కొట్టే ఉంటారు గానీ, సాంచల మోతలో పెరిగిన చెవులకు అవి వినబడలేదు. ఇంక పది నిమిషాలేనని సారు అరిచినప్పుడు తలెత్తి చూసుకుంటే, నాకు అన్నిటికన్నా బాగా వచ్చే కెమిస్ట్రీ మొత్తం తెల్లగా మిగిలి ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు గబగబా వృత్తాలు నింపడం మొదలుపెట్టాను. నాలుగు వరసలైనా కాకముందే కాగితం లాక్కున్నారు.

బయటికి రాగానే అక్క ఎదురొచ్చి నా మొహం చూసింది. పేపరు చాలా కష్టంగా ఇచ్చారని అబద్ధం చెప్పాను. "పోనీ తియ్యే. నువ్వేం జేస్తవ్, ఆళ్ళే గట్ల ఇచ్చిన్రు" అని డబ్బా మూత తీసి నా చేతికిచ్చింది. ఆ అన్నం నేను తిన్నాను.

తర్వాత డిగ్రీ, బీఈడీ, నౌకరీ. చిత్రమేమంటే ముప్పై ఏళ్ళు నేను బడిలో చెప్పింది ఎక్కువగా ఆ కెమిస్ట్రీయే. అక్క మాత్రం అత్తగారింట్లో బీడీలు చేస్తూ, దగ్గుతూ బతికింది. పోయిన ఏడాది దవాఖానలో చివరి రోజుల్లో, సూది వేయడానికి వచ్చిన ప్రతి నర్సుకూ నన్ను చూపించి, "మా చెల్లె డాక్టరు గావల్సింది, పేపరే కష్టం ఇచ్చిన్రు" అని చెప్పేది. నేను దాని దుప్పటి సర్దుతూ తల వంచుకునేదాన్ని.

ఇప్పటి పిల్లలు వేరు. మా మనవరాలు పరీక్ష ముగించి, టైం సరిపోలేదు, ఇరవై మిగిలాయని ఇల్లంతా వినబడేలా అరిచి, అన్నం పెట్టమంది. అందులో దానికి సిగ్గూ లేదు, భయమూ లేదు. టైం సరిపోలేదు. ఈ రెండు మాటలే నేను నలభై ఏళ్ళు మా అక్కకు చెప్పలేకపోయాను.