దేవరకొండ దారిలో మరిగిన జీపు

బందోబస్తుకు మాజీ సైనికులను పిలిచిన ఎన్నికలవి. దేవరకొండ అవతల, పాలమూరు సరిహద్దు దగ్గర రాతిగుట్టల మధ్య ఒక తండా బడి. అదే నా పోస్టు. జీపు దిగగానే చూసుకున్నాను. గేటు ఒకటి. నీడ వరండా మేరకే. బయట నలభై నాలుగు డిగ్రీలు.

పోలింగు రోజు మధ్యాహ్నం పోలింగు అధికారిగా వచ్చిన బడిపంతులు కుర్చీలోంచి ఒరిగిపోయాడు. ఒళ్లు కాలుతోంది. చెమట చుక్క లేదు. వడదెబ్బ.

వాకీటాకీ తీశాను. "కంట్రోల్, అంబులెన్సు కావాలె."

"గంట పడ్తది. మీ బండిలనే తీస్కపోండ్రి."

సారును జీపులో పడుకోబెట్టి, గేటు కానిస్టేబులుకు అప్పగించాను. దవాఖాన ఇరవై నాలుగు కిలోమీటర్లు. కిరాయి జీపు జహంగీర్‌ది, నడిపేదీ అతనే. ఎనిమిదో కిలోమీటరు ఎత్తు మీద ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత తాకింది. బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది.

బండి ఆపి, బానెట్ ఎత్తి, జహంగీర్ రేడియేటర్ మూత మీద చెయ్యేశాడు. మణికట్టు పట్టుకున్నాను.

"ఆగు. ఇప్పుడు తీస్తే మొఖం ఉడుకుతది."

"సారు పానం పోతది కాకా!"

"నువ్వు గూడ పడితే బండి ఎవడు నడుపుతడు?"

సైన్యంలో నేను నడిపినవి లారీలే. వరుసగా చూసుకుంటూ పోయాను. బెల్టు బాగుంది. ఫ్యాను తిరుగుతోంది. కింద కారుడు లేదు. రేడియేటర్ పైభాగం సెగలు కక్కుతోంది, అడుగు గోరువెచ్చగా ఉంది. అంటే లోపల నీళ్లు పారడం లేదు.

"ఇందుల ఏం నీళ్లు పోస్తవ్?"

"మా బోరు నీళ్లే. మేం తాగుతలేమా?"

మా వైపు బోరు నీళ్లకు అన్నం గిన్నె అడుగునే తెల్లగా సున్నం కడుతుంది. రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ అదే గట్టిపడింది.

ఒక్కటే దారి. హీటరు పూర్తిగా తిప్పాలి. ఇంజను వేడిని అది లోపలికి లాగేస్తుంది. కానీ లోపల ఉన్నది వడదెబ్బ తగిలిన మనిషి. అతన్ని తడుపుతూనే ఉండాలి. మా దగ్గర ఐదు లీటర్లే. ఎట్లా లెక్కేసినా మనిషికి సరిపోతే ఇంజనుకు లేదు.

పక్క తండా నుంచి ఒక లంబాడీ అవ్వ బిందెతో వచ్చింది. నేరుగా ఇంజను మీద కుమ్మరించబోయింది.

"వద్దవ్వా, పగుల్తది!"

"పటాలపోళ్ల బండి గింత నాజూకా?" అని నా సైనికుల టోపీ చూసి నవ్వింది. లోపల పడుకున్న సారును చూడగానే నవ్వు ఆగింది. గోనెసంచులు తెప్పించి తడిపి కప్పింది. "మా దూడలకు ఎండల గిట్లనే కప్పుతం." తర్వాత ఫోను తీసి వాళ్ల భాషలో ఎవరితోనో అరిచింది.

ముల్లు దిగాక బయల్దేరాం. అద్దాలన్నీ దించి, హీటరు తిప్పి. తడిగోనె మీదుగా వీచే గాలి నా చేతికి చల్లగా తగిలింది.

తర్వాతి తండా దగ్గర రోడ్డు పక్కన మనుషులు నిలబడి ఉన్నారు, నెత్తిన బిందెలతో. ఆ పై తండా దగ్గర కూడా. దవాఖాన దాకా నాలుగు చోట్ల. ముల్లు దిగేదాకా ఆగాం. వాళ్లు గోనెలు తడిపారు. ఆవిరి తగ్గాక జహంగీర్ ఇంజను నడుస్తుండగానే కొద్దికొద్దిగా నీళ్లు పోశాడు. లోపలున్న సారు ఎవరని ఎవరూ అడగలేదు. అంతమందిని కదిలించింది ఒక్క ఫోను.

దవాఖాన మంచం మీద సారు కళ్లు తెరిచాడు. "పోలింగు అయిపోయిందా?"

"అది కాలేదు సార్. మీరే అయిపోతుంటిరి," అన్నాడు జహంగీర్, కళ్లు తుడుచుకుంటూ.

పొద్దు వాలే వేళ వేరే బండిలో తిరిగొచ్చాం. అవ్వ తండా దగ్గర ఆపించాను. ఆడవాళ్లు రోడ్డు పక్కన కూర్చుని ఉన్నారు.

"నీళ్లు పట్టుకుంటలేరా అవ్వా?"

"ట్యాంకరు రేపటిదాంక రాదు. మీ సారు కండ్లు తెరిసిండా?"

"తెరిసిండు."

ఆమె తల ఊపింది. ఆమె వెనక గోడ పొడుగునా బోర్లించిన ఖాళీ బిందెలు, వాటి మీద ఎర్రటి ఎండ. కళ్లు మూస్తే ఇప్పటికీ అవే.